కొత్తపల్లి క్వారీల

విడిచిపెట్టిన గ్రానైటు గుంత. ఎనభై అడుగుల నీళ్లు.
కింద కోసిన రాయి గోడలు,
తుప్పు పట్టిన క్రేను తాడు.

చిట్టీ పైసల కాడ ఓదెలుకూ నాకూ
రెండు నెలల సంది మాటల్లేవు.
నీళ్లల్ల ఎట్లాగూ మాటలుండయి.

తాడు నా సిలిండర్‌కు చుట్టుకున్నది.
గింజుకున్నకొద్దీ గాలి ఒడిసింది.
గొంతు మీద అరచెయ్యి అడ్డంగ కోసి చూపిన.

ముందుగాల కత్తి తియ్యలే.
తన నోట్లెది గుంజి నా నోట్ల పెట్టిండు.
నోటికాడి బుక్క అంటరే,
అది గాలి.

భుజం పట్టీ పట్టి
కండ్లల్లకు చూసుకుంట వేళ్లతోని లెక్క:
రెండు నాకు, రెండు తనకు.
అప్పుడు కోసిండు తాడు.

మెల్లగ,
మా బుడగల కన్న మెల్లగ లేచినం.

ఒడ్డున మాస్కు తీసి అన్నడు:
"పైసలు పైసలే."