ఎగువ రాళ్ళు

మా లంకలో రాయి పుట్టదు.
గునపం దింపితే ఒండ్రు,
ఇంకా దింపితే ఇసక,
ఆ కింద ఉప్పునీళ్ళు.
మామిడికాయ కొట్టాలన్నా
పిల్లలకి మట్టిబెడ్డే గతి.

నా తొమ్మిది రాళ్ళూ ఎగువ నుంచి వచ్చినవే.
వెదురు తెప్పల మీద పనిచేసిన మా మావ
కూనవరంలో శబరి కలిసేచోట
మోకాల్లోతు నీళ్ళలో ఏరి
తువ్వాల్లో మూటగట్టి తెచ్చాడు.
నల్లవి ఆరు, బూడిదరంగువి రెండు,
ఒకటి మాత్రం కోడిగుడ్డు సొన రంగు.

సత్తుగిన్నెలో నీళ్ళు కాగాలి, మరగకూడదు.
గరిటెతో తీసి, గుడ్డలో ఒత్తి
ముందు నా ముంజేతి లోపలివైపు ఆనిస్తాను.
నేను పదంకెలు లెక్కపెట్టగలిగితేనే
అది ఇంకొకరి ఒంటి మీదికి వెళ్ళేది.

దింపు తీసే ఏసుపాదానికి రోజుకి నలభై చెట్లు.
కుడి రెక్క ఎముక అంచున, కురిడీలో కొబ్బరిలాగ
అటూ ఇటూ కదిలే ముడి.
నువ్వులనూనె రాసి, నల్లరాయిని
వెన్ను పక్కనుంచి జబ్బ దాకా నడిపించాను.
"తగ్గిపోద్దా అక్కా?"
"చెట్టు దిగితే తగ్గుద్ది."
నవ్వాడు. ఆ నవ్వుకే సగం వదిలింది.

లేసు అల్లే మంగతాయారుది
పాతికేళ్ళుగా కిందికే చూసిన మెడ.
రాయి పెట్టీపెట్టగానే నిద్రపోయింది.
నిద్రలోనూ కుడిచేతి వేళ్ళు
లేని సూదిని తిప్పుతూనే ఉన్నాయి.
కూలి ఎవరిస్తారో దానికి.

నిన్న పంటు సరంగు నూకరాజు గారొచ్చారు.
"రెండు మోకాళ్ళూ పట్టేశాయమ్మా,
బాగా కాలిన రాయి పెట్టు."
పదిహేనేళ్ళ షుగరు.
పాదం తిప్పి చూశాను,
మడమ పక్కన పాత మచ్చ, రూపాయి బిళ్ళంత.
ఇంజను గొట్టం తగిలిందట.
కమురు వాసనొచ్చాక గానీ తెలియలేదట.

గరిటె కింద పెట్టేశాను.
"మీకు రాయి పెట్టనండి."
"డబ్బులిస్తాను కదా!"
"ఇచ్చినా పెట్టను."
లేవబోయారు. మోకాళ్ళు లేవనివ్వలేదు.

గోడవైపు తిరిగి
సొనరంగు రాయిని గిన్నెలోంచి తీసి
నా రెండరచేతుల మధ్యా పట్టుకున్నాను.
కాసేపటికి దాన్ని వదిలి, చేతుల్ని బుగ్గకి ఆనించుకుంటే
జొరం లేని బిడ్డ నుదురంత వెచ్చదనం.
అప్పుడు, ఆ చేతులే ఆయన మోకాళ్ళ మీద.
చిప్ప చుట్టూ బొటనవేళ్ళు,
మెల్లగా, రేవులో పంటు తిప్పినట్టు.
వేడి తగ్గితే మళ్ళీ రాయి దగ్గరికి,
మళ్ళీ ఆయన దగ్గరికి.
నా బొటనవేళ్ళ కణుపులు కూడా
ఈ మధ్య పొద్దున్నే మాట వినడం లేదు.

ఆయన కళ్ళు మూసుకునే ఉన్నారు.
"పెట్టనన్నావు, పెట్టావుగా.
ఎక్కడి రాయమ్మా ఇది?"

చేతులు ఆపలేదు.
"కూనవరందండి."

"కుర్రతనంలో వెళ్ళాను.
అక్కడ నీళ్ళు మహా చల్లన"
అన్నారు.