ఏడో కమలాపండు

బస్టాపు బల్ల మీద కూర్చుని కమలాపండు ఒలవాలి.
ఇదీ నా వేషం.
నాలుగు సెకన్లు. మాట లేదు.
దర్శకుడు సాబాకి నా మనవడి ఈడు కూడా ఉండదు.
"అంబ్రోసి తాతా, నటించకండి, ఊరికే ఒలవండి" అంటాడు.
యాభై మూడేళ్లు కుతాయిసి నాటకశాలలో
ఊరికే ఏదీ చేయకుండా బతికినవాణ్ణి.

సినిమా నన్ను పదకొండుసార్లు చంపింది.
ఒకసారి మంచులో. అది మంచు కాదు, ఉప్పు.
పెదాలు మండి, శవం నీళ్లడుగుతూ లేచి కూర్చుంది.
తిట్లు తిన్నాను.
ఇంకోసారి తపాలా బంట్రోతుని.
ఎడిటింగులో ముఖం పోయి చెయ్యి మిగిలింది.
చిటికెన వేలి వంకర చూసి
మా వీధి వీధంతా ఆ చేతిని గుర్తుపట్టింది.
ఒకే ఒక్కసారి పెద్ద వేషం ఇచ్చారు,
గొంతు మాత్రం రాజధానిలో ఎవరిదో అతికించారు.
హాల్లో అమ్మ నా చెవిలో అడిగింది,
"జలుబు చేసిందా నాయనా?"

నాటకానికి ముఖం అప్పిస్తే
రాత్రికి తిరిగి ఇచ్చేసేది,
కాస్త జిడ్డుగా, కాస్త మరొకరి వాసనతో.
కరెంటు లేని ఆ చలికాలాలు సాబాకి తెలీవు.
టికెట్టు బదులు ఒక పొయ్యికట్టె
చంకలో పెట్టుకొచ్చేవాళ్లు జనం.
వాళ్ల కట్టెలు వాళ్లకోసం మండుతుంటే
నేను రాజునై సింహాసనం మీద వణికేవాణ్ణి.
మాటతో పాటు నోట్లోంచి ఆవిరి వచ్చేది,
ముందు వరసకి నా మాట కనిపించేది కూడా.
ఒకరోజు తొమ్మిదిమంది వచ్చారు. రంగం మీద మేం పన్నెండుమందిమి.
ఆ రాత్రి ఆడినట్టు మళ్లీ ఆడలేదు.

రంగం అంచున గుంటలో లామారా ఉండేది,
ఒళ్లో ప్రాంప్టింగు పుస్తకంతో.
చీకట్లో పుస్తకమెందుకు? అలవాటు.
అందరి మాటలూ ఆమెకి కంఠతా.
నేను మరిచిపోబోయే మాట
నాకన్నా ముందు ఆమెకి తెలిసేది.
అడక్కుండానే విస్తరి పక్కన ఉప్పు పెట్టినట్టు
ఊపిరంత గొంతుతో అందించేది.
ఒక్కసారి అందించలేదు.
మూడో అంకం. కూతురి శవం ముందు నిలబడి
ఖాళీ అయిపోయాను. కిందికి చూశాను.
ఆమె నావంకే చూస్తూ పెదవి కదపలేదు.
ఎవరో దగ్గారు.
ఆఖరికి నాలోంచి ఏదో శబ్దం వచ్చింది, రాసిన మాట కాదు.
హాలు ఊపిరి బిగబట్టింది.
తర్వాత అడిగితే
"అక్కడ మాట అక్కర్లేదనిపించింది" అంది.

పెళ్లి చేసుకుందామని అడగడానికి కూడా
ఎవరైనా అందిస్తారేమోనని ఎదురుచూసినవాణ్ణి నేను.

ఇప్పుడా గుంటని చెక్కలతో మూసేశారు.
పైన నడిస్తే డొల్లగా మోగుతుంది.

పోయిన శీతాకాలం పాత రీళ్లు కడిగి వేశారు.
నా తొమ్మిదో చావు చూసుకుందామని వెళ్లాను.
సంత. తుపాకి మోత. నేను పడతాను.
(బాగా పడలేదు, మోకాలు ముందే వంచేశాను.)
నా వెనక గుంపులో
రోజుకూలికి వచ్చిన ఆడవాళ్ల మధ్య
బుట్టతో, రంగు తెలియని తలరుమాలుతో
లామారా.
రెండు సెకన్లు.
నేను పడగానే ఆమె పెదవులు కదిలాయి.
ఏం అందించిందో. ఆ ముక్క మీద సంగీతం పోసేశారు.

నా వేల రాత్రుల్లో ఒక్కటీ ఎక్కడా లేదు.
కూలి కోసమే వెళ్తున్నానని నేను చిన్నచూపు చూసిన
ఈ ఇనపడబ్బా
ఆమెని నలభై ఏళ్లు నలగకుండా దాచింది.
దానికి క్షమాపణ ఎలా చెబుతారు?
ఏ వైపు తిరిగి?

"మళ్లీ" అంటాడు సాబా. ఆరు పండ్లయ్యాయి.
కెమెరా కుర్రాళ్లు తొనలు పంచుకు తింటున్నారు.
ఏడోది చేతిలో పెట్టారు, గట్టిగా, చల్లగా.
ఒలిచాను.
సగం విడదీసి, బల్ల మీద
పక్కన ఖాళీలో పెట్టాను.
సాబా కట్ అనలేదు.

అంతలో బస్సొచ్చింది, నిజం బస్సు.
తలుపు తెరుచుకుంది.
"ఎక్కుతారా?" అన్నాడు డ్రైవరు.

అలవాటుగా
కిందికి చూశాను.