నలభై ఒకటో బోను

బెర్గెన్‌లో ఇవాళ కూడా వానే.
టోరున్ తడి కోటు మేకుకి తగిలించి
రెండు జతల తొడుగులు వేసుకుని
ఎర్రదీపం గదిలోకి వెళ్తుంది.
ఎలుకలకి అది రాత్రి. ఆమెకి ఏడున్నర.

నలభై ఒకటో బోను. చీటీ మీద పెన్సిలు రాత:
ఆడవి మూడు. చెవికి రెండు గాట్లు. ఇ-ఆరు, ఇ-ఏడు.
మనుషులకంటే వైరస్‌లోంచి కత్తిరించిన
రెండే రెండు జన్యువులు.
వైరస్ లేదు, దాని గుల్ల లేదు, అంటు లేదు.
ఇంటి దొంగ కూడా కాదు,
పుట్టకముందే ఇంట్లో రాసి ఉన్న దొంగతనం.

కొత్తలో ఎస్కిల్ చెప్పాడు, కాఫీలో బిస్కెట్ ముంచుతూ:
"కణం గుమ్మంలో ఒక కాపలావాడుంటాడు.
'ఇంకా వేళ కాలేదు' అనడమే వాడి ఉద్యోగం.
ఏడోది వెళ్ళి వాడి చెయ్యి పట్టుకుని
కబుర్లలో పెడుతుంది.
లోపల ఇంకొకడు,
లెక్క తప్పిన కణాన్ని చావమని చెప్పేవాడు.
ఆరోది వాణ్ణి చెత్తబండి ఎక్కిస్తుంది."
"కొట్లాటేం ఉండదా?"
"తలుపు పగిలితే కదా ఎవరైనా నిద్ర లేచేది."
బిస్కెట్ విరిగి కప్పులో పడింది.

అయినా ఆ రెండే చాలవు.
భుజాల మధ్య, తోలు కింద
గోధుమగింజంత హార్మోను బిళ్ళ.
ఆరు నెలలు.
వారం వారం టోరున్ రెండు వేళ్ళతో తడుముతుంది,
పప్పులో రాయి వెతికినట్టు.

అక్క గున్‌వోర్‌కి ఎవరూ బిళ్ళ పెట్టలేదు.
సాల్మన్ షెడ్డులో రెండు షిఫ్టులు,
పరీక్షకి రమ్మన్న ఉత్తరాలు మూడు
వంటింటి సొరుగులో, రబ్బరు బ్యాండు కింద,
విప్పకుండానే.
అదే ఆరు. అదే ఏడు.
ఆ మాట టోరున్ ఎస్కిల్‌తో అనలేదు.
అన్నా ఏం చేస్తాడు, ఇంకో బిస్కెట్ ఇస్తాడు.

అరవయ్యో బోనులో ఎలుకలు వేరు.
వాటి జన్యువుకి మీట ఉంది:
నీళ్ళలో మందు కలిపితే ఏడోది నోరు మూస్తుంది.
వీపు మీద కణితి
మొదటి వారం పదకొండు మిల్లీమీటర్లు.
తర్వాత ఏడు.
ఇన్నాళ్ళూ పెరిగింది దాని బలంతో కాదు,
ఆగకుండా ఎవరో ఉసిగొల్పుతుంటే.

ఇవాళ నాలుగు.
నమ్మక మళ్ళీ కొలిచింది. నాలుగే.
"ఎలుకలో," అన్నాడు ఎస్కిల్, తలుపు దగ్గరనుంచే.
అవును, ఎలుకలోనే.
పెన్సిలు అంకె వేసేసినా
ఆమె ఎలుకని వెంటనే దించలేదు.
రెండు తొడుగుల అవతల
చిన్న గుండె, లెక్కకి అందనంత వేగం.

దించగానే అది
ఆమె వేలు ఒకసారి వాసన చూసి
దాహమేసి నీళ్ళసీసా వైపు పోయింది.