నాలుగింటి కుర్చీ

గురువారం నాలుగింటికి
ఇంకెవరికీ టైమ్ ఇవ్వొద్దని మోరీన్‌కి చెప్పాను.
ఎందుకని అడగలేదు. పదిహేనేళ్లుగా రిసెప్షన్‌లో ఉన్న మనిషి.
క్యాలెండర్‌లో ఆ గడికి బూడిదరంగు పూసి
నాకు టీ పెట్టింది.

జిలాంగ్‌లో జూలై.
కిటికీ అవతల కోరియో అఖాతం
తోమకుండా వదిలేసిన స్టీలు పళ్లెంలా ఉంది.

అతన్ని ఇక్కడ రాబీ అంటాను.
పేరు మార్చాను, వయసు మార్చాను.
కార్ల ఫ్యాక్టరీ మూతపడ్డాక
చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక
అరచేతులు రెండూ తొడల కింద పెట్టుకునే అలవాటు మాత్రం
మార్చలేకపోయాను.
అది తీసేస్తే ఇక అతనెవరు?

పంతొమ్మిది వారాలు వచ్చాడు.
ఇరవయ్యో వారం రాలేదు.
ఫోన్ చేశాను. ఆఫీసు భాషలో ఉత్తరం రాశాను:
"మీ నుంచి కబురు లేనిచో ఫైలు మూసివేయబడును."
బాగుపడ్డాడో, చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయాడో,
నేనంటే విసుగొచ్చిందో,
నాలుగోది నేను పైకి అనను,
రాత్రి రెండింటికి అదే నన్ను లేపుతుంది.

కథ కంచికి వెళ్లదు.
నేను మాత్రం ఇంటికి.

ఇంట్లో భూషణ్ అడుగుతాడు, ఎలా గడిచిందని.
"బానే."
పన్నెండేళ్లుగా మా ఇంట్లో నా ఉద్యోగం పేరు అదే.
ఎవరి రహస్యమూ నా అన్నంలో కలవకూడదు కాబట్టి
పప్పులో ఉప్పు తక్కువైందని మాట్లాడుకుంటాం.
తొమ్మిదేళ్ల మా ఇందుజ స్కూల్లో ఏదో జరిగి ఏడుస్తుంటే
పక్కన కూర్చుని, మెల్లగా,
"నీకప్పుడు ఎలా అనిపించింది?" అన్నాను.
ఏడుపు ఆపి నా మొహంలోకి చూసింది.
"అమ్మా, ఆ గొంతు వద్దు."

ఇంకో గొంతు ఉండాలి నాకు.
ఎక్కడ పెట్టానో.

మొన్న మార్చిలో ఒక కుర్రాడు
తెలుగొచ్చిన మనిషే కావాలని వెతుక్కుని వచ్చాడు.
గిడ్డంగిలో రాత్రి షిఫ్టు. ఊరు మార్కాపురం వైపు.
"ఏం లేదండీ, ఊరికే వచ్చా" అన్నాడు.
ఆ "ఊరికే"ని ఏ ఫారంలో, ఏ గడిలో టిక్కు పెట్టను?
నలభై నిమిషాలు వాతావరణం, పెట్రోలు ధర.
లేవబోతూ అన్నాడు:
"లోపల ఎవరో గ్యాస్ సిమ్‌లో పెట్టి
మర్చిపోయినట్టుంది అక్కా."

అక్కా.
చదువుకున్న పుస్తకాలన్నీ ఒక్కసారి దగ్గాయి.
హద్దులుండాలి, నిజమే.
అక్కా అనొద్దని చెప్పడానికి
ఏ తెలుగు వాడాలి?
ఆ మాటకి అర్థమేమిటని నా సూపర్‌వైజర్ అడిగింది.
ఇంగ్లీషులో చెప్పాను.
అబద్ధమాడినట్టు అనిపించింది.

నాలుగైంది.
గడియారం ఎప్పుడూ వాళ్ల వెనక గోడకే ఉంటుంది,
చూసినట్టు కనబడకుండా నేను చూసుకోవడానికి.
ఇవాళ ఆ గడియారానికి వీపు పెట్టి
రాబీ కుర్చీలో కూర్చున్నాను.
ఎదురుగా నా కుర్చీ, ఖాళీగా.
దాని పైన, నా తల ఉండే చోటుకి జానెడు ఎత్తున
పడవ బొమ్మ ఫ్రేము,
మేకు వదులై ఎడమకి ఒరిగి ఉంది.

మూడో వారమో, నాలుగో వారమో
ఉన్నట్టుండి అన్నాడతను:
"అది వదులైపోయింది. ఎవరైనా బిగించాలి."
పెళ్లి గురించనుకున్నాను.
"దాని గురించి ఇంకాస్త చెప్పండి" అన్నాను.
అతను నవ్వాడు. మొదటిసారి.
నోట్సులో రాసుకున్నాను కూడా: నవ్వాడు, పురోగతి.

పంతొమ్మిది వారాలు
నా నెత్తి మీద పడుతుందేమోనని
దాన్నే కాపలా కాశాడేమో.

సుత్తి ఉందా అని మోరీన్‌ని అడిగాను.
లేదంది.
ఇంకా పాతిక నిమిషాలున్నాయి.
హీటర్ పనిచేస్తోంది, అయినా చలి.
నా అరచేతులు
ఎప్పుడు తొడల కిందకి వెళ్లాయో తెలియదు.