తులం సీసం

చార్‌కమాన్ వెనక గల్లీల మా నాయిన దుకాణం.
ముగ్గురు కూసుంటే నాలుగోడు మెట్టు మీదనే.
అద్దాల డబ్బాల త్రాసు,
తగరపు డబ్బీల గురిగింజలు,
ఆ యేడు వానలు వెనకకు పోయినంక
గోడకు ఆనిన పాత దుప్పటి మూట ఒకటి.

విప్పితే తుపాకి.

తెచ్చింది మునీరుద్దీన్ సాబ్,
నాంపల్లి కచ్చేరిల పెద్ద గుమాస్తా.
"విలాయతి తూటాలు బజార్ల లేవు మోనాచారీ,
ఖాళీ గొట్టాలు నేనే మళ్ళ నింపుకుంటున్న.
నా త్రాసు అబద్ధాలాడుతున్నది,
నీది ఒక్క గంట ఇయ్యి."

నాయిన ముందుగాల కుంపటి తీసి
గల్లీ అవతల పెట్టించిండు.
తర్వాత తలుపు మూసిండు, ఈదురు గాలి రాకుండ.
నాకు పన్నెండేండ్లు.
ఇత్తడి గొట్టాల మూతులు గుడ్డతోటి తుడిచేది నా పని.
మందు నల్లగ, తెగ్గోసిన అగరొత్తి పుల్లల లెక్క.
మా అక్క కమ్మలకు తూచినట్టే
ఊపిరి బిగవట్టి తూచిండు నాయిన,
ఒక్క పలుకు ఎక్కువైతే
చిమటతోటి తీసి మళ్ళ డబ్బీల ఏసిండు.

గుండ్లు మాత్రం నాకు నచ్చలే.
రాగి తొడుగు, సీసం మూతి,
మూతి సూదిగ లేదు,
చిటికెనవేలు గోరంత సాపు.
నాయిన ఒకటి పళ్ళెంల పెట్టిండు.
అటు దిక్కు తులం రాయి.
ముల్లు కదలలే.
"తులమంటే తులమే సాబ్" అని
పొద్దుటి సంది మొదటిసారి నవ్విండు.

"దీని ముక్కు ఎవరు కోసిన్రు?" అన్న నేను.
"బేటా, సూది మొనది జింకల దూరి అవతలికి పోతది.
అది కోసెడు దూరం ఉరుకుతది,
రాత్రంత పొదల్ల చస్తది, మనకు దొరకది.
ఇది తగిలిన జాగల్నే ఆగుతది.
తక్లీఫ్ ఇయ్యొద్దు జానవర్‌కు."
నాయిన మాట్లాడలే.
చిమట కడిగిండు, అవసరం లేకున్న.

మొండి ముక్కుతోటి ఒక్కటే పేచీ:
బోల్టు నూకితే
గది అంచుకు తట్టుకుంటది. టక్.
"ఉంగరం లోపలి పక్క తీరుస్తవు గద,
గట్లనే ఈ అంచు తీర్చు."
రెండు రాత్రులు లాంతరు కాడ
తుపాకి తొడల మీద వండబెట్టుకొని
ఆకురాయి, ఆ తర్వాత కురవిందం పొడి,
ఆ తర్వాత తోలు.
మజూరీ రెండు రూపాయలు.

నర్సాపూర్ అడివి నుంచి సాబ్ ఉత్తగనే వచ్చిండు.
"యాభై గజాల్ల నిలవడ్డది మోనాచారీ.
చెవులు రెండు నా దిక్కే.
బోల్టు నూకిన. టక్.
మళ్ళ నూకిన. ఇగ పొదలు ఊగుతున్నయి, గంతే."
కోపం లేదు ఆయనకు. చాయ్ సాసర్ల పోసుకొని తాగిండు.
నాయిన అన్నడు,
"ఇంకొంచెం రాయాల్సుండె సాబ్."

నాయిన చేతిపని నాకెరుక.
ఆయన నున్నగ చేసిన కాడ ఈగ కాలు జారాలె.

అడగలే నేను.
కానూన్ వచ్చింది, తుపాకి ఠాణాల జమైంది,
సాబ్ మల్లేపల్లి మట్టిల కలిసిండు.
దుకాణంల ఒక్క గుండు మిగిలింది, మందు లేనిది.
మా తులం రాయి మోరీల పడ్డ నాటి సంది
అదే రాయి.
ఎన్ని పుస్తెలు, ఎన్ని ముక్కుపుడకలు
దాని ఎదురంగ కూసున్నయో.
తూనికల ఇన్‌స్పెక్టర్ వస్తే
నాయిన దాన్ని చెంపల దాచేటోడు, తమలపాకు తోటి కలిపి.
గురిగింజకు తన కింది నలుపు ఎరుకలేదంటరు.
నాయినకు ఎరుకే.

ఇప్పుడు కరెంటు త్రాసు, ముల్లు లేదు,
ఎర్ర అంకెలు పురుగుల లెక్క గునుస్తయి.
మొన్న గల్లా కడుగుతుంటే దొరికింది,
మూతి ఇంకింత సాపైంది.
పెట్టి చూసిన.
ఇన్నేండ్ల వేళ్ళు కొంచెం తిన్నట్టున్నయి.

"గదేం రాయి మామా?" కోడలు అడిగింది.
"తులం."
"సరిగ్గనా?"

ఒక టక్కు తక్కువ.