సగం గోలి

సజ్జా క్యాంపుల పదకొండో నంబర్ రూము,
ఆరు జంట మంచాలు, పన్నెండు మంది.
పైమంచం నాది.
సీలింగు ముక్కుకు మూరెడు దూరం.
ఆడ ఒక తుప్పు మరక,
మూడు నెలలు దాన్నే సూసిన.
మొదాలు మేకపిల్ల లెక్క ఉండె,
తర్వాత ఏ లెక్కా లేదు.

నిద్ర పడుతలేదంటే తలా ఒకటి చెప్పిండ్రు.
పాలు తాగుమన్నరు, అరికాళ్లకు నూనె రాయుమన్నరు.
మందుల షాపు మలయాళీ
చిట్టీ లేకుంటే ఇయ్యనన్నడు,
కండ్లల్లకు సూసి ‘డాక్టర్ దగ్గరికి పో భాయ్’ అన్నడు.
పోవాలంటే ఒక రోజు జీతం.

లచ్చన్న సెలవు మీద పోయి వచ్చుకుంట
జగిత్యాల నుంచి తెచ్చిండు,
మామిడికాయ తొక్కు డబ్బా అడుగున
కవర్ల చుట్టి.
ఏర్‌పోర్టుల కుక్కను సూసి కాళ్లు వణికినయంట.
నవ్వుకుంట చెప్పిండు. నవ్వుకుంటనే తీసుకున్న.
వాడు దొరికితే ఏ జైల్ల పండుతుండెనో
అప్పుడు తట్టలే.
పట్టీకి ఎల్లిగడ్డ వాసన.

మొదటి రాత్రి సగం గోలి.
నిద్ర రాలే, నేనే పోయిన.
ఎవరో షట్టర్ కిందికి గుంజినట్టు.
కల లేదు, పొర్లుడు లేదు.
మబ్బుల నాలుగింటికి బస్సు హారన్ కొడితే
నోట్ల రాగి పైస చప్పరించినట్టు ఉండె.

పదిహేను రోజులకు సగం ఆగలే.
నెలకు ఒకటి ఆగలే.
నిద్ర కూడా మేస్త్రీ అసొంటిదే,
అడ్వాన్సు తిన్నంక పనికి రాదు.

నలభై ఏడు డిగ్రీల ఎండ, ఐదో అంతస్తు పరంజ.
బెల్టు పెట్టుకున్న, కొక్కెం తగిలియ్యలే.
తగిలిచ్చిన్ననే అనుకున్న.
రెండు గంటలు గాలికి కట్టుకొని పనిజేసిన.
సేఫ్టీ సారు వెనక నుంచి వచ్చి
కొక్కెం చేతుల పెట్టిండు, ఏమనలే,
కాయితం మీద రాసుకున్నడు.
ఇనుము చెయ్యి కాలిస్తే గప్పుడు సోయికొచ్చిన.

ఆ ఆదివారం జమున ఫోన్ జేసింది.
‘పోశెట్టి ఎవరు?’

నేనేం మాట్లాడలే.

‘బుధవారం రాత్రి చెప్పినవు గదా.
పోశెట్టి పడ్డడన్నవు.
పలక నేనే సరిగ్గ ఎయ్యలేదన్నవు.
వాని చాయ్ ఫ్లాస్కు విప్పితే
ఇంకా పొగలొచ్చినయన్నవు.’

ఫోన్ల సూసిన. నిజమే.
ఒకటిన్నరకు, నలభై ఒక్క నిమిషం.
నా ఏలే నొక్కింది, నా నోరే చెప్పింది,
నాకే యాది లేదు.
ఏడాది సంది పండ్ల నడుమ పట్టుకున్న మాట,
ఒక్క మనిషికన్న ఎట్ల చెప్పాలె అని
పొర్లి పొర్లి కూడగట్టుకున్న మాట,
నేను ఇంట్ల లేనప్పుడు
ఎవడో ఎత్తుకపోయినట్టు.

‘ఏడ్చిన్నా?’ అని అడిగిన.
‘ఏడ్వలే. గదే భయమైంది.
లెక్కలు చదివినట్టు చెప్పినవు’ అన్నది.
అప్పటి సంది ఆమెకు కునుకు లేదంట.

గోలి మింగింది నేను.
చేదు దిగింది ఆమెకు.

జీతం పోతె పోనీ అని క్లినిక్కుకు పోయిన.
ఒక్కసారే బంద్ జేయకు, ఫిట్స్ గిట్ల రావచ్చు,
కొంచెం కొంచెం తగ్గియ్యాలె అన్నడు డాక్టరు.
నిద్ర ఎప్పటి సంది లేదని అడిగిండు.
తారీకు చెప్పిన.
ఆ తారీకున ఏమైందని అడగలే,
బయట లైన్ల ఇంకా ముప్పై మంది ఉన్నరు.

ఇయ్యాల గడ్డం బ్లేడుతోని
గోలిని నాలుగు జేసిన. ఒక ముక్క పొడైంది.
రెండున్నర.
ఏసీ నీళ్లు బకెట్ల పడుతున్నయి.
కింది మంచం మీద కొత్త పిలగాడు,
పోశెట్టి పండిన మంచమే, వానికి తెల్వదు,
నోరు తెరిచి పండిండు.

మెల్లగ దిగి మెట్ల మీదికొచ్చిన.
ఊర్ల నాలుగైతుంటది.
మొదటి రింగుకే ఎత్తింది.
‘లేచే ఉన్న. ఈసారి నువ్వు చెప్పు’ అన్నది.

పలక కాడి నుంచి మొదలువెట్టిన.