జాజు గీత

మే పదమూడు. కింద లోయలో చెర్రీ పూలు రాలి నెల కావస్తోంది.
ఇక్కడ మా బస కప్పొక్కటే బయటికి తేలింది.
తలుపు ఏ వైపో నాకు గుర్తుంది,
మంచుకే లేదు.

మూడు రోజులు తవ్వాం.
గెన్‌జో పార వేస్తే ఇటుకల్లా తెగి పడుతుంది.
నేను వేస్తే పిండిలా చెదిరి నా మొహానికే కొడుతుంది.
"చేతుల్తో కాదు షిజుయో, నడుముతో."
ఆయన నడుముకి డెబ్బై రెండేళ్ళు.

నాలుగో రోజు మూడున్నరకే లేపాడు.
జాజుపొడి బస్తా నా వీపున,
వెదురు గడల కట్ట ఆయన భుజాన.
బూట్లకి ఇనుప పళ్ళు బిగిస్తుంటే
వేళ్ళు ఎవరివో అయిపోయాయి.

ఈ వేళకి మంచు రాయి.
పదింటికి గడ్డపెరుగు.
మధ్యాహ్నానికి మాట తప్పే మనిషి.
అందుకే పని ఇప్పుడే.

నిన్నటి అడుగులు తిన్నగా వాగు మీదికే పోతున్నాయి.
నా గుండె జారింది.
"అటు గట్టెక్కిన జాడ ఉంది చూడు, వాడు క్షేమమే" అన్నాడు.
కొంచెం ఆగి,
"వాడు దాటాడని వెనకాల వచ్చేవాళ్ళు దాటుతారు. భయం అదీ."

గడ దించాడు.
మూరెడు లోతు గట్టిగా, ఇంకో మూరెడు గట్టిగా,
ఆ తర్వాత ఏమీ లేదు.
చెవి ఆనించి వినమన్నాడు.
మూత పెట్టిన కుండలో ఎసరులా
కింద వాగు.

మా గీత అక్కడ వంగింది.
పైకి, రాళ్ళ దాకా, నాలుగు వందల అడుగులు ఎక్కువ.
పిడికిలి సందులోంచి ఎర్రపొడి వదులుతూ పోతాడాయన,
గాలికి వీపు పెట్టి, పక్కకి నడుస్తూ, ఎండ్రకాయలా.

బసకి తిరిగొస్తే ఫోను మోగుతోంది.
రన్నింగ్ షూలు సరిపోతాయా అండీ?
ఫొటోలో మంచు లేదే?
ఫొటో పోయిన ఆగస్టుది, అన్నాను.
గొడ్డలి కొన్నాను, అన్నాడు గర్వంగా.
జారితే దాంతో ఆగడం వచ్చా?
అవతల కాసేపు చప్పుడు లేదు.

నాకూ వచ్చేది కాదు.
బస వెనక ఏటవాలు మీద నలభైసార్లు జారనిచ్చాడు గెన్‌జో,
వెల్లకిలా, బోర్లా, తలకిందులుగా.
ముప్పై ఎనిమిదోసారి నా ఒంటికి తెలిసింది.
నాకు ఇంకా తెలియలేదు.
మోచేతులు వారం రోజులు వంకాయ రంగు.
జూన్ నెలాఖర్లో రండి, అన్నాను ఆ ఫోనులో అబ్బాయితో.
లేదా ఇప్పుడే వచ్చి, మా వెనకవాలు మీద ముందు జారండి.

మూడు రోజులకి గీత వెలిసిపోతుంది.
ఎరుపు ఎండని తాగి మంచులోకి దిగబడుతుంది.
మళ్ళీ బస్తా, మళ్ళీ మూడున్నర.
ఈసారి వాగు దగ్గర ఆగి
బస్తా మూతి నా చేతికిచ్చాడు గెన్‌జో.
"ఈ వంపు నువ్వెయ్యి."
మోకాలు రుద్దుకుంటూ రాయి మీద కూర్చున్నాడు.
ఎందుకని నేనడగలేదు.

వేశాను. వంకరగా.
చాలాసేపు చూశాడు.
లేచి, బూటు కొసతో
ఒక్క చోట, జానెడు, పైకి జరిపాడు.

మంచంతా కరిగే రోజుల్లో
బియ్యం కడిగే నీళ్ళలో ఒక పూట
లేత ఎరుపు కనిపిస్తుందట.
ఆయన ఆ నీళ్ళు పారబోయడట.
"దారి కదా" అంటాడు,
పొయ్యి మీద కుండ పెడుతూ.